రెండు సెంటీమీటర్లు

కీళ్ళ విభాగంలో ఆ నర్సుకు పద్దెనిమిదేళ్ళ సర్వీసు. అందులో పదిహేడేళ్ళూ ఆమె చేసింది ఒకటే పని: డాక్టరు గది ముందు నిలబడి పేర్లు పిలవడం, సూదులు వేయడం, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పిందే చెప్పడం. ఆ పనిలోనే ఆమె మనసును తొలిచే కబుర్లు కొన్ని చెవిన పడుతుండేవి. వేళ్ళ వాపు తగ్గి నవ్వుతూ ఇంటికెళ్ళిన మనిషి ఆర్నెల్లకు గుండెపోటుతో పోయాడనేవారు. మోకాళ్ళు బాగుపడ్డ ముసలావిడ బాత్రూములో కాలు జారితే తుంటి ఎముక పుటుక్కున విరిగిందనేవారు.

కీళ్ళవాతం కీళ్ళతో ఆగే జబ్బు కాదు. ఒంట్లో రాజుకున్న మంట గుండె రక్తనాళాల దాకా పాకుతుంది. ఆ మంట ఆర్పడానికి ఏళ్ళ తరబడి మింగే స్టెరాయిడ్ మాత్రలు ఎముకల్ని గుల్ల చేస్తాయి. ఈ సంగతి డాక్టరుకు తెలియక కాదు. మనిషికి ఏడు నిమిషాల చొప్పున రోజుకు అరవై మందిని చూసేవాడికి కీళ్ళు దాటి చూసే తీరికేదీ?

"ఆ తీరికేదో నాకివ్వండి సార్," అంది ఆమె ఒకరోజు. "బీపీ, షుగరు, కొవ్వు, ఎముకలు, పళ్ళు, వేయించుకోవాల్సిన టీకాలు, మనసులో దిగులు... అన్నీ నేను కనుక్కుంటాను. తేడా ఉన్నవాళ్ళనే మీ దగ్గరికి పంపుతాను."

డాక్టరు మంచివాడే గానీ కొత్త పనంటే ఆయనకు తలనొప్పి. "అన్ని ప్రశ్నలు అడిగితే లేని రోగాలు కూడా పుట్టుకొస్తాయి సిస్టర్," అన్నాడు. ఆమె రెండు నెలలు చెవిలో జోరీగలా వదలకపోయేసరికి, ఎక్స్-రే గది పక్కన విరిగిన కుర్చీలు పడేసే గదిని ఖాళీ చేయించాడు. "గురువారాలు మీవి. ఆరు నెలలు టైమిస్తున్నాను. ఆ తర్వాత కమిటీ ముందు నిలబడి ఏం సాధించారో చెప్పాలి."

గోడలకు వెల్ల వేశారు. పాత గచ్చు మీద కొత్త టైల్స్ పరిచారు. గచ్చకాయ రంగా, తెలుపా అని అడిగితే తెలుపు అని చెప్పింది కూడా ఆమే. ఒక బల్ల, రెండు కుర్చీలు, బీపీ మిషను, బరువు చూసే మిషను. గోడకు ముందునుంచీ ఎత్తు కొలిచే రేకు స్కేలు ఒకటి ఉండనే ఉంది.

తోటి నర్సులు ఆ గదికి "ప్రశ్నల కొట్టు" అని పేరు పెట్టారు. ఆమె పట్టించుకోలేదు. నాలుగు నెలల్లో ఎనభై ముగ్గురిని చూసింది. తమకు బీపీ ఉందనే తెలియనివాళ్ళు అందులో ఇరవై ఇద్దరు. ఒక బస్సు డ్రైవరును అటు నుంచి అటే గుండె విభాగానికి పంపితే, ఇంకో వారం ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు. ఆ రోజు డాక్టరు ఆమె గది గుమ్మం దాకా వచ్చి, ఏమీ అనకుండా తలూపి వెళ్ళాడు. ఆమెకది శాలువా కప్పినంత.

ఐదో నెల మొదటి గురువారం వడ్రంగి మేస్త్రి వచ్చాడు, వెనకాలే ఆయన భార్య. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. చేతివేళ్ళు ఒక పక్కకు వాలిపోయాయి గానీ, మేస్త్రిరికం మాత్రం ఎక్కడా వాలలేదు. గదిలోకి వస్తూనే తలుపును ఒకసారి మూసి తెరిచి, "కింది బందు వదులైంది," అని చెప్పి మరీ కూర్చున్నాడు.

బీపీ నూట అరవై రెండు చూపించింది.

"దారి పొడుగునా ఆటో అతనితో పోట్లాడుతూ వచ్చారమ్మా. అందుకే," అంది భార్య.

"కాసేపాగి మళ్ళీ చూద్దాం," అంది నర్సు. "ఈ నెలరోజుల్లో ఎప్పుడైనా మనసు దిగులుగా అనిపించిందా మేస్త్రిగారూ?"

"దిగులా? నాకా? నేను నలుగురికి దిగులు పుట్టించేవాణ్ణి గానీ..."

"చెప్పండి, అడుగుతోందిగా," అంది భార్య నెమ్మదిగా. "పొద్దున లేచి ఉలి పట్టుకుని, పట్టు చిక్కక మళ్ళీ కింద పెట్టి, గంటసేపు చేతులకేసి చూస్తూ కూర్చుంటారు. పిలిచినా పలకరు."

మేస్త్రి తన వేళ్ళకేసి చూసుకున్నాడు. నర్సు కూడా తొందరపెట్టలేదు. కాగితం మీద ఒక చోట గీత గీసుకుని, "చెప్పులు విప్పి అలా గోడకు ఆనుకుని నిలబడండి," అంది.

నూట డెబ్భై.

"కాదు," అన్నాడు మేస్త్రి.

"ఏది కాదు?"

"నేను నూట డెబ్భై మూడు. ఇరవై ఏళ్ళప్పుడు మా గురువు నన్ను షెడ్డు స్తంభానికి ఆనించి గీత గీశాడు. ఆ గీత ఇప్పటికీ ఉంది. నలభై ఏళ్ళుగా నా ఒళ్ళే నాకు కొలబద్ద. నేను నిలబడి చూసి చెప్పిన గుమ్మం వెంట్రుకవాసి తేడా రాదు."

"వయసుతో కొంచెం కుంగుతారు మేస్త్రిగారూ. మూడు సెంటీమీటర్లంటే కంగారేం లేదు. నాలుగు దాటితేనే మేం వెన్ను ఎక్స్-రే తీయిస్తాం."

"నేను కుంగలేదు. మీ స్కేలు కుంగింది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అనుకుంది నర్సు. బయట బెంచీ మీద ఇంకా నలుగురున్నారు. మేస్త్రి అప్పటికే జేబులోంచి స్టీలు టేపు తీశాడు. ఆ వేళ్ళతో టేపు కొస పట్టుకోవడం ఆయనవల్ల కాదు. చెప్పకముందే భార్య వంగి కొసను నేలకు అదిమిపట్టింది. ఆయన టేపును గోడ వెంబడి పైకి లాగాడు. ఏళ్ళ తరబడి ఇద్దరూ కలిసి చేసిన పని అది, ఒకరికొకరు చెప్పుకునే అవసరం లేదు.

గోడకున్న రేకు స్కేలు నేల దగ్గర మొదలవదు. వంద అంకె దగ్గర మొదలై పైకి పోతుంది. ఆ వంద పక్కన మేస్త్రి టేపు తొంభై ఎనిమిది చూపించింది.

"రండమ్మా, మీరే చూడండి!"

నర్సు వచ్చి చూసింది. వంగి చూసింది, మళ్ళీ నిలబడి చూసింది. తొంభై ఎనిమిదే.

మేస్త్రి కాలి బొటనవేలితో నేలను తట్టాడు. "పాత గచ్చు తవ్వకుండా పైనే టైల్స్ పరిచేశారు. స్కేలు ఎక్కడిదక్కడే ఉంది, నేల రెండు సెంటీమీటర్లు పైకొచ్చింది. ఇదిగో, దీన్నే పని తెలియని పని అంటారు. నేను చెప్పలా? స్కేలు తప్పు!" భార్య వైపు తిరిగాడు. ఎన్నాళ్ళకో ఆ మొహంలో వెలుగు. "నేను చెప్పలా?"

ఆ వెలుగు అట్టే సేపు నిలవలేదు. లెక్కల్లో ఆయన నర్సుకంటే చురుకు. టేపు కేసి, నేల కేసి మార్చి మార్చి చూశాడు.

"నేల పైకొస్తే మనిషీ పైకొస్తాడు," అన్నాడు గొంతు తగ్గించి. "అంటే స్కేలు నన్ను ఉన్నదానికంటే ఎక్కువ చూపించింది."

"నూట అరవై ఎనిమిది," అంది నర్సు.

"ఐదు పోయాయన్నమాట."

ముందుగా నోరు విప్పింది భార్యే. రెండేళ్ళ కిందట పెద్ద వీధి తలుపొకటి ఒంటిచేత్తో లేపబోయి ఆయన నడుం పట్టేసుకుందని, పది రోజులు మంచం దిగలేదని, అంతా ఈ కీళ్ళవాతమే అనుకుని తైలం రాసుకుని ఊరుకున్నామని చెప్పింది. "అప్పట్నుంచి చొక్కాలు ముందువైపు కిందికి జారుతున్నట్టుంటే, చాకలాయన సాగదీశాడనుకున్నా," అంది.

మధ్యాహ్నానికి ఎక్స్-రే వచ్చింది. వెన్నులో రెండు పూసలు ముందువైపు అణిగిపోయి తలుపు సందులో దోపే చెక్క చీలకల్లా, వెనక మందంగా ముందు పలచగా ఉన్నాయి. చీలక అంటే ఏమిటో మేస్త్రికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. డాక్టరు ఫిల్మును వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. ఎముక గట్టిపడే సూది, కాల్షియం రాశాడు. ఆరేళ్ళుగా నడుస్తున్న స్టెరాయిడ్‌ను మెల్లమెల్లగా తగ్గించే దారి చెప్పాడు. బరువులు ఎత్తొద్దన్నాడు. బీపీకి మాత్ర కూడా ఆ రోజే మొదలైంది. గంటసేపు చేతులకేసి చూస్తూ కూర్చునే సంగతి నర్సు రాసినచోట వేలు పెట్టి, మేస్త్రిని మొదటిసారి కీళ్ళ గురించి కాకుండా వేరే మాట అడిగాడు. ఏడు నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి.

అందరూ వెళ్ళాక నర్సు తన రిజిస్టరు ముందేసుకు కూర్చుంది. ఎనభై ముగ్గురు. ఎనభై ముగ్గురినీ ఆ టైల్స్ మీదే నిలబెట్టింది. ఎర్ర పెన్ను తీసుకుని ఒక్కొక్కరి ఎత్తులోంచి రెండు తీసేసింది. పాత గుర్తింపు కార్డుల్లోంచి, వాళ్ళు చెప్పినదాన్ని బట్టి రాసుకున్న పాత ఎత్తులతో మళ్ళీ పోల్చింది. మూడు తగ్గారనుకున్నవాళ్ళకు తగ్గింది ఐదైంది. రెండున్నర నాలుగున్నరైంది. చివరి పేజీ తిప్పేసరికి నాలుగు దాటినవాళ్ళ పేర్ల పక్కన పెట్టిన ఎర్ర సున్నాలు పదకొండు తేలాయి. ఏం ఫరవాలేదని తన నోటితో చెప్పి ఇంటికి పంపిన పదకొండు మంది.

రిజిస్టరు చంకన పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంకో రెండు నెలల్లో కమిటీ ఉంది. ఎత్తు కొలవడం కూడా రాదా అంటారు. గది మూయించాలని చూసేవాళ్ళు ఉండనే ఉన్నారు. ఆ పదకొండు మందినీ మామూలుగా ఓసారి రమ్మని పిలవండి సిస్టర్. ఎందుకో చెప్పకండి. పామూ చావదు, కర్రా విరగదు."

"ఎందుకని అడుగుతారు కదా సార్."

"ఏదో ఒకటి చెప్పండి."

ఆమె సరేననలేదు, కాదననూలేదు. ఇంటికెళ్ళి కూర తరుగుతూ ఆ మాటే భర్తకు చెప్పింది. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. పెళ్ళయిన కొత్తలో ఆమె రాసిన ఉత్తరాల్లో కూడా తప్పులు దిద్ది తిట్లు తిన్న మనిషి.

"పుస్తకం అచ్చయిపోయాక తప్పు కనబడితే మీరేం చేస్తారు?" అనడిగింది.

"తప్పొప్పుల పట్టిక వేసి అతికిస్తాం."

"పరువు పోదూ?"

"వేయకపోతే పోతుంది. పాఠకుడు కనిపెట్టి ఉత్తరం రాస్తాడు చూడు, అప్పుడు పోతుంది." ఒక్క క్షణం ఆగి అడిగాడు. "ఇంతకీ నీకు రాసిన పాఠకుడెవరు?"

"వడ్రంగి మేస్త్రి."

"వాడు గట్టివాడే," అన్నాడాయన. ఆమెకు పొద్దున్నుంచీ రాని నవ్వొచ్చింది.

మర్నాడు భోజనాల విరామంలో ఫోను ముందు కూర్చుని పదకొండు మందికీ చేసి, ఎత్తినవాళ్ళందరికీ ఒకే మాట చెప్పింది: "గురువారం గది నర్సును మాట్లాడుతున్నాను. మీ ఎత్తు నేను తప్పు కొలిచాను. మా నేల పైకొచ్చిన సంగతి గమనించలేదు. మీ వెన్నుకు ఎక్స్-రే తీయాలి, రండి."

ఒకాయన కోప్పడ్డాడు. ఒకావిడ పగలబడి నవ్వి, "మా ఆయనకు చెబితే నమ్మడు, ఆస్పత్రివాళ్ళే తప్పు ఒప్పుకున్నారా అంటాడు," అంది. రిటైరైన బడి పంతులమ్మ మాత్రం "ఎన్ని సెంటీమీటర్లు తప్పావు?" అంది.

"రెండండీ."

"రెండు మార్కులు తప్పేసినా సరే, పిల్లాణ్ణి ఇంటికెళ్ళి మరీ పిలిచి దిద్దేదాన్ని. ఎన్నింటికి రమ్మంటావు?"

పదిమంది వచ్చారు. పదకొండో మనిషి, ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ ఆవిడ, ఫోనెత్తలేదు. ఆదివారం పొద్దున నర్సు బస్సెక్కి చిరునామా వెతుక్కుంటూ వెళ్ళింది. రెండో అంతస్తులో ఒంటిగది. కిటికీ పక్కన మిషను, దాని ముందు కొశ్చెన్ మార్కులా వంగి కుట్టుకుంటున్న ఆవిడ. నర్సును చూసి లేవబోయి, మిషను బల్ల పట్టుకుని ఆగిపోయింది.

"కూర్చో అక్కా. నీ ఫోనేమైంది?"

"ఎవరు చేసినా బ్లౌజు ఎప్పుడిస్తావనే. అందుకే ఎత్తట్లా." మనిషి మొహమాటంగా నవ్వింది. "నువ్వొచ్చావేంటమ్మా ఇంత దూరం?"

నర్సు చెప్పింది. తప్పు తనదనీ చెప్పింది. దర్జీ ఆవిడ సూది గుచ్చిన గుడ్డను ఒళ్ళో పెట్టుకుని వింది.

"మరి నడుం నొప్పి అని నేను ఎవరికి చెప్పినా, కీళ్ళ జబ్బు కదా, ఉంటుందిలే అంటున్నారు," అంది. "మా ఆడపడుచైతే, మిషను మానేయడానికి సాకు వెతుకుతున్నానంది. ఈ జబ్బున్నవాళ్ళకు ఏ నొప్పి వచ్చినా అడిగే దిక్కుండదమ్మా. అన్నీ దాని ఖాతాలోకే పోతాయి."

"నేను అడుగుతున్నాను కదా. ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపించు."

ఆవిడ చెయ్యి వెనక్కి పోనిచ్చి చూపించింది. సరిగ్గా పూస మీద. నర్సు అక్కడ మెల్లగా వేళ్ళు ఆనించేసరికి ఆవిడ ఊపిరి బిగబట్టింది. మర్నాడు మిషను మూసి, నర్సు పంపిన ఆటోలో ఆస్పత్రికి వచ్చింది. మూడు పూసలు అణిగి ఉన్నాయి. పదకొండు మందిలో ఐదుగురికి వెన్ను పూసలు నలిగి ఉన్నాయని తేలింది. అందరిలోకీ ఎక్కువ నలిగినవి ఆవిడవే. ఆ ఎక్స్-రేను ఆడపడుచుకు చూపించడానికి ఒక రోజు ఇంటికి పట్టుకెళ్తానంటే డాక్టరే నవ్వి సరేనన్నాడు.

ఈలోగా మేస్త్రి ఊరుకోలేదు. బరువులెత్తొద్దన్నారు గానీ బుర్ర వాడొద్దనలేదు కదా అని, పలకలు కోసి చిత్రిక పట్టే పని భార్యకు ఒప్పగించి, పక్కన స్టూలు మీద కూర్చుని చెబుతూ, ఎత్తు కొలిచే చెక్క ఒకటి చేయించాడు. నేల మీద నిలబడే పీట, దానికి నిటారుగా నిలువు చెక్క, తల మీదికి జారే అడ్డచెక్క. నేల ఎంత పైకొచ్చినా కొలత పీట నుంచే మొదలవుతుంది. తెచ్చి గదిలో పెట్టి, టేపుతో మూడుసార్లు కొలిచి చూపించి, "దీన్ని నేను చేయలేదు," అన్నాడు. "మా ఆవిడ చేసింది. నలభై ఏళ్ళు నా పక్కన కొస పట్టుకుంది గానీ, ఉలి పట్టుకుంటే ఇంత పని చేస్తుందని నాకు తెలియలా." భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, కళ్ళలో గర్వం దాగలేదు. షెడ్డులో ఇప్పుడు ఇద్దరు మేస్త్రీలున్నారని, తన పని తిట్టడం వరకేనని ఆయనే అందరికీ చెప్పుకుంటున్నాడట.

కమిటీ రోజున నర్సు ఇస్త్రీ చీర కట్టుకుని, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని చివరి కుర్చీలో కూర్చుంది. ఆ తప్పు సంగతి తానే చెప్పాలని వారం రోజులుగా మాటలు కూర్చుకుంటోంది. డాక్టరు లేచి బీపీలు, షుగర్లు, బస్సు డ్రైవరు గుండె, టీకాలు, అన్నీ వరసగా చెప్పాడు. ఆమె లేవబోయింది. ఆయన చేత్తో ఆగమని సైగ చేశాడు.

"ఇంకొకటుంది," అన్నాడు. "నాలుగు నెలలు మా గదిలో ఎత్తు రెండు సెంటీమీటర్లు తప్పు కొలిచాం. ఆ గది నాది, ఆ టైల్స్ పరవమని సంతకం పెట్టింది నేను. ఆ తప్పును దాచిపెడదామన్నది కూడా నేనే. సిస్టర్ దాచలేదు. పదకొండు మందికి ఫోను చేసి చెప్పింది, రాని మనిషి ఇంటికి ఆదివారం వెళ్ళింది. అలా దొరికినవాళ్ళు ఐదుగురు, ముందు దొరికిన మేస్త్రితో కలిపి ఆరుగురు. ఏళ్ళ తరబడి నేను చూస్తున్న రోగులు వీళ్ళు. ఒక్కరి వెన్నూ నేను ముట్టుకుని చూడలేదు."

ఆమె ఒళ్ళోని రిజిస్టరును దగ్గరికి లాక్కుంది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరూ తన పనిని అలా పదిమందిలో నిలబెట్టి చూపించలేదు. తల దించుకోవాలనిపించింది గానీ, దించుకోలేదు.

కమిటీ గదిని మూయలేదు. గురువారంతో పాటు సోమవారం కూడా ఇచ్చింది, తోడుగా ఇంకో నర్సును ఇచ్చింది. "ప్రశ్నల కొట్టు" అన్న నర్సే ఆ రెండో ఉద్యోగం కావాలని అందరికంటే ముందు దరఖాస్తు పెట్టుకుంది.

ఏడాది తిరిగేసరికి వేరే ఆస్పత్రుల నుంచి ఎనిమిదిమంది నర్సులు పని నేర్చుకోవడానికి వచ్చారు. ఆమె వాళ్ళకు ప్రశ్నల కాగితం ఇచ్చింది, బీపీ ఎప్పుడు రెండోసారి చూడాలో చెప్పింది, దిగులు గురించి అడిగాక ఎంతసేపు నోరు మూసుకుని ఊరుకోవాలో చెప్పింది. తర్వాత ఎర్ర సున్నాలున్న పాత రిజిస్టరు తెరిచి అందరి మధ్యా పెట్టింది.

వాళ్ళలో చిన్నది, సర్వీసులో చేరి ఇంకా ఏడాది కూడా నిండని అమ్మాయి, సందేహిస్తూ అడిగింది. "అక్కా, ఇది మాకు చూపించకపోయినా ఎవరికీ తెలిసేది కాదు కదా. ఎందుకు చూపిస్తున్నారు?"

"నా పద్దెనిమిదేళ్ళలో నేను బాగా చేసిన పని ఇదొక్కటే కాబట్టి," అంది ఆమె. "బయట బెంచీ మీద దర్జీ ఆవిడ వచ్చి కూర్చుంది. ఎముకలకు వేసే మూడో సూది ఈరోజు. వెళ్ళి నువ్వే లోపలికి తీసుకురా. తొందరపెట్టకు, మెల్లగా నడుస్తుంది."